రేడియేషన్ తిన్న కేబుల్, సీలు, ఉక్కు: మిగిలిన ఆయుష్షును ఏ పద్ధతిలో లెక్కకట్టాలి?

రేడియేషన్ ఉన్న చోట ఏళ్ల తరబడి పనిచేస్తున్న కేబుల్‌ను చూపించి "ఇది ఇంకా ఎన్నాళ్లు ఆగుతుంది?" అని అడిగితే జవాబు రాబట్టడానికి నాలుగు దారులున్నాయి. ఇప్పటిదాకా తిన్న డోసును కూడి, ఆ పదార్థం తట్టుకోగల డోసులోంచి తీసేయడం ఒకటి. కొత్త నమూనాను ల్యాబులో తొందరగా ముసలిచేసి, వచ్చిన ఫలితాన్ని అసలు పరిస్థితికి సాగదీయడం రెండోది. పనిలో ఉన్న వస్తువునే పరీక్షించడం మూడోది. మొదటి రోజే పక్కన సాక్షి నమూనాలు పెట్టి, కొన్నేళ్లకోసారి ఒక్కొక్కటి బయటికి తీసి చూడటం నాలుగోది.

చేతిలో ఉన్న యంత్రాన్ని బట్టో, బడ్జెట్టును బట్టో వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడం మామూలుగా జరుగుతుంది. అక్కడే పొరపాటు మొదలవుతుంది. ఆ వస్తువు ఏ కారణంగా చెడిపోతుందో ముందు తేల్చుకోవాలి, పద్ధతి దాని వెంట రావాలి. గాలి తగిలే రబ్బరును, ప్లాస్టిక్కును రేడియేషన్, వేడి, ఆక్సిజన్ మూడూ కలిసి తింటాయి. ఉక్కును న్యూట్రాన్లు పెళుసు చేస్తాయి, గామా దాన్ని దాదాపు ఏమీ చేయదు. రెండింటికీ ఒకే లెక్క పనికిరాదు.

డోసు కూడిక: జల్లెడగా వాడండి, తీర్పుగా కాదు

గంటకు 0.1 గ్రే (కిలో పదార్థం ఒక జౌల్ రేడియేషన్ శక్తిని మింగితే ఒక గ్రే) ఉన్న చోట 40 ఏళ్లు వేలాడే కేబుల్ తినే మొత్తం డోసు సుమారు 35 కిలోగ్రేలు. ఈ ఒక్క అంకెతోనే సగం పని తేలిపోతుంది. టెఫ్లాన్ గాలిలో కొన్ని కిలోగ్రేలకే పెళుసెక్కుతుంది కాబట్టి అక్కడ దానికి చోటు లేదు. పాలిఇమైడ్, పీక్ అనే ప్లాస్టిక్కులు మెగాగ్రేల (పది లక్షల గ్రేల) స్థాయి దాకా నిలబడతాయి, వాటి గురించి రేడియేషన్ పరంగా బెంగ అక్కర్లేదు. మధ్యలో మిగిలేవి క్రాస్‌లింక్డ్ పాలిథీన్, ఈపీఆర్ (ఇథిలీన్-ప్రొపిలీన్) రబ్బరు, పీవీసీ, హైపలాన్ (క్లోరిన్ ఉన్న రబ్బరు) జాకెట్లు, అంటే కేబుల్ పై తొడుగులు. అసలు లెక్క అవసరమైనది వీటికే.

కూడిన డోసు, తెలిసిన పరిమితిలో పదో వంతు కూడా లేకపోతే కాగితం మీద లెక్కతో ఆగిపోవచ్చు. అంతకు మించితే ఆగకూడదు, ఎందుకంటే పట్టికల్లో కనిపించే డోసు పరిమితులు చాలావరకు వేగంగా డోసు కొట్టి తెచ్చినవి. వేగంగా కొట్టిన డోసుకూ నెమ్మదిగా తిన్న డోసుకూ తేడా ఎంత పెద్దదో కింద లెక్కలో చూపిస్తాం.

ఈ పద్ధతిలో ఇంకో గుంట గది సగటు డోసు. ట్రేలో 60 మీటర్ల కేబుల్ ఉంటే, వేడి పైపు పక్కనుంచి పోయే ఒకటి రెండు మీటర్లే మొత్తం కేబుల్ ఆయుష్షును నిర్ణయిస్తాయి. ఆ వంపుల దగ్గర, పైపు దాటే చోట అలనిన్ డోసిమీటర్లు (డోసు కొలిచే సాధనాలు), వాటి పక్కనే ఒక ఉష్ణోగ్రత లాగర్ కట్టి కనీసం ఒక పూర్తి నిర్వహణ చక్రం పాటు వదిలేయండి. అలనిన్ సుమారు 10 గ్రేల నుంచి 100 కిలోగ్రేల దాకా చదువుతుంది, కానీ దాని స్పందన ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది, తేమ తగిలితే సంకేతం కొంత వాడిపోతుంది. లాగర్ లేకుండా అలనిన్ ఒక్కదాన్నే పెట్టడం సగం పనే.

ఉక్కు విషయంలో గ్రేలను పక్కన పెట్టేయండి. అక్కడ కావాల్సింది 1 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ దాటిన న్యూట్రాన్ల ఫ్లూయెన్స్ (చదరపు సెంటీమీటరు మీదుగా పోయిన మొత్తం న్యూట్రాన్లు), లేదా ఒక్కో పరమాణువు ఎన్నిసార్లు చోటు తప్పిందో చెప్పే డీపీఏ లెక్క. పాత చరిత్రను తవ్వాలంటే ఏ ఐసోటోపును కొలుస్తున్నారో చూసుకోండి. ఇనుములోంచి పుట్టే మాంగనీస్-54 అర్ధాయువు 312 రోజులు, అంటే మూడేళ్ల వెనకటి సంగతి అది దాదాపు మర్చిపోయి ఉంటుంది. నయోబియం-93ఎం అర్ధాయువు 16 ఏళ్లు. నయోబియం ఉన్న లోహం మీంచి గీకిన కాస్త పొడి చాలు, దశాబ్దాల చరిత్ర చెబుతుంది.

తొందరపెట్టిన పరీక్ష ఎక్కడ మోసం చేస్తుంది

35 కిలోగ్రేలను గంటకు 1 కిలోగ్రే చొప్పున కొడితే 35 గంటల్లో పని అయిపోతుంది. 40 ఏళ్ల పనిని రోజున్నరలో చేసినట్టు కనిపిస్తుంది. కానీ ఆ రోజున్నరలో ఆక్సిజన్ ఇన్సులేషన్ లోపలికి దిగలేదు. పైపొర దాన్ని ఎంత వేగంగా తినేస్తే లోపలికి అంత తక్కువ చేరుతుంది. ఆక్సిజన్ ఖర్చయ్యే వేగం 100 రెట్లు పెరిగితే ఆక్సీకరణ చెందే పొర మందం పదో వంతుకు పడిపోతుంది. ఫలితంగా నమూనా పైన గట్టిపడి, లోపల కొత్తగానే ఉంటుంది. తన్యత యంత్రం దాన్ని బాగున్నదనే చెబుతుంది. నిజంగా 40 ఏళ్లు వేలాడిన కేబుల్ మాత్రం ఆ మందమంతా ఆక్సీకరణ చెంది ఉంటుంది.

అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ ఇచ్చిన 61244లో రెండో భాగం ఇందుకు చెప్పే దారుల్లో ఒకటి సమాన నష్టపు డోసు. ఒకే నష్టం, ఉదాహరణకు సాగుదల (తెగేలోపు సాగే పొడవు) అసలు పొడవులో 50 శాతానికి పడిపోవడం, వేరువేరు డోసు రేట్ల దగ్గర ఎంత డోసుకు వచ్చిందో కొలిచి, లాగ్ గ్రాఫు మీద గీత గీసి కిందికి పొడిగిస్తారు. కేవలం లెక్క చూపించడానికి ఇలా అనుకుందాం: గంటకు 1000 గ్రేల దగ్గర ఆ నష్టం 400 కిలోగ్రేలకు వచ్చింది, గంటకు 100 గ్రేల దగ్గర 250 కిలోగ్రేలకే వచ్చింది. రేటు పది రెట్లు తగ్గిన ప్రతిసారీ డోసు 0.625 వంతు అవుతోంది. అదే వరసలో గంటకు 0.1 గ్రే దాకా దిగితే, మరో మూడు మెట్లు, దాదాపు 61 కిలోగ్రేలకే నష్టం వచ్చేస్తుంది. కాలంలో చెప్పాలంటే 70 ఏళ్లు. డోసు రేటు ప్రభావాన్ని పట్టించుకోకుండా 400 కిలోగ్రేలనే నమ్మినవాళ్లకు ఇదే కేబుల్ 456 ఏళ్లు కనిపిస్తుంది.

అయినా 70 ఏళ్ల దగ్గరే ఆగకూడదు. అదే కేబుల్‌ను వేడి విడిగా ఎంతకాలానికి చంపుతుందో చూడాలి. ఇక్కడ వేడి పెరిగితే రసాయన చర్య ఎంత వేగం పుంజుకుంటుందో చెప్పే అరీనియస్ లెక్క వస్తుంది, అందులో అంతా ఉత్తేజన శక్తి, అంటే ఆ చర్య మొదలవడానికి కావాల్సిన శక్తి మీద ఆధారపడి ఉంటుంది. 110 డిగ్రీల ఓవెన్‌లో 100 రోజులకు చెడిపోయిన నమూనాను 50 డిగ్రీల చోటికి మార్చి లెక్క వేస్తే, ఉత్తేజన శక్తి 1.0 ఎలక్ట్రాన్ వోల్ట్ అయినప్పుడు 277 రెట్లు, అంటే 76 ఏళ్లు వస్తాయి. దాన్ని 0.8గా తీసుకుంటే 90 రెట్లే, దాదాపు 25 ఏళ్లు. పాత ఫైళ్లలో "ఈ రకం రబ్బరుకు 1.0" అని ఎక్కడినుంచో ఎత్తి రాసిన అంకె ఒక్కటే 50 ఏళ్లను సృష్టించగలదు. ఆ అంకె మీ కేబుల్ మిశ్రమం మీద, కనీసం మూడు ఉష్ణోగ్రతల దగ్గర కొలిచినదేనా అని అడగండి. కాకపోతే ఆ ఆయుష్షును నమ్మకండి.

ఇంకో సంగతి చాలామందికి వింతగా తోస్తుంది. క్రాస్‌లింక్డ్ పాలిథీన్ లాంటి పాక్షిక స్ఫటిక పాలిమర్లకు రేడియేషన్‌తో పాటు వేడి కూడా పెంచితే నష్టం కొన్నిసార్లు తగ్గుతుంది. స్ఫటికాలు కరిగే ఉష్ణోగ్రత దగ్గర తెగిన గొలుసులు కదిలి మళ్లీ అతుక్కుంటాయి. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ అవకాశం లేదు. కాబట్టి ఈ పదార్థానికి 100 డిగ్రీలు దాటిన ఓవెన్లో రేడియేషన్ కొట్టి "కఠిన పరీక్ష చేశాం" అనుకోవడం తలకిందుల లెక్క. పరీక్షను పని ఉష్ణోగ్రతకు దగ్గర్లోనే ఉంచండి.

మా సలహా: కొత్త కేబుల్ కొనేటప్పుడు రెండు బ్రాండ్ల మధ్య తేల్చుకోవడానికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. వాడుకలో ఉన్నదానికి మిగిలిన ఏళ్లు చెప్పడానికి దీన్ని ఒంటరిగా వాడొద్దు. వాడక తప్పకపోతే గంటకు 100 గ్రేలు దాటనీయకండి. నమూనాను అడ్డంగా కోసి, పాలిష్ చేసి, అంచు నుంచి మధ్య దాకా గట్టితనం కొలవండి. అంచుకీ మధ్యకీ తేడా కనిపిస్తే ఆక్సిజన్ లోపలికి చేరలేదు, ఆ బ్యాచ్‌ను లెక్కలోంచి తీసేయాల్సిందే.

పనిలో ఉన్న కేబుల్‌ను పరీక్షించడం: సాగుదల, ఇండెంటర్, ఓఐటీ, మెగ్గర్

వీటన్నిటికీ గీటురాయి తెగేలోపు ఎంత సాగుతుందన్న కొలత. కొత్త ఇన్సులేషన్ తన పొడవుకు మూడు నాలుగు రెట్లు సాగుతుంది. 50 శాతానికి పడిపోతే ఆయుష్షు తీరినట్టు లెక్కించడం వాడుక. ఆ 50 ఊరికే పెట్టింది కాదు. వంపు లోపలి వ్యాసార్థం కేబుల్ వ్యాసానికి ఐదు రెట్లుగా వంచితే బయటి అంచు దాదాపు 9 శాతం సాగుతుంది. నిర్వహణలో కేబుల్‌ను కదిపినా, ప్రమాద సమయంలో ఆవిరి, వేడి తగిలినా పగలకుండా ఉండటానికి మిగిలిన భాగం నిల్వ. చిక్కల్లా ఇది కోసి చేసే పరీక్ష. జాకెట్‌లోంచి డంబెల్ ముక్కలు, కోర్‌లోంచి తీగ లాగేసిన గొట్టాలు, ఒక్కో స్థానానికి కనీసం ఐదు కావాలి. తీగ లాగేటప్పుడు లోపలి గోడ మీద గీత పడితే అక్కడే తెగి, లేని ముసలితనం కనిపిస్తుంది. తెగిన చోటును భూతద్దంతో చూసి, గీత దగ్గర తెగినవాటిని విడిగా రాసుకోండి.

కోయడానికి వీల్లేని కేబుల్‌కు ఇండెంటర్ ఉంది. శంకువు ఆకారపు చిన్న మొనను నిమిషానికి 5 మిల్లీమీటర్ల వేగంతో జాకెట్‌లోకి నొక్కి, బలం ఎంత పెరిగితే ఎంత దిగిందో చూస్తారు. సాధారణంగా 1 నుంచి 4 న్యూటన్ల మధ్య వాలును తీసుకుంటారు. ముద్ర కూడా మిగలదు. పీవీసీ, హైపలాన్, ఈపీఆర్ వయసుతో గట్టిపడతాయి కాబట్టి వాటికి ఇది చక్కగా కుదురుతుంది. క్రాస్‌లింక్డ్ పాలిథీన్‌కు మాత్రం దీన్ని ఎంచుకోవద్దు. చివరిదాకా అంకె పెద్దగా కదలదు, కదిలేసరికి పగుళ్లు వచ్చేసి ఉంటాయి. చుట్టూ తిప్పుతూ తొమ్మిది పది చోట్ల కొలవండి, ఎందుకంటే మొన కింద తీగ పడిన చోట ఒక అంకె, తీగల మధ్య సందు పడిన చోట మరో అంకె వస్తాయి. కేబుల్ ఉపరితల ఉష్ణోగ్రత రాయకుండా ఏ కొలతా తీసుకోవద్దు. షట్‌డౌన్ మొదటి రోజున వెచ్చగా ఉన్న జాకెట్, వారం తర్వాత చల్లారిన అదే జాకెట్ కన్నా మెత్తగా, అంటే వయసు తక్కువగా కనిపిస్తుంది.

పైగా ఇండెంటర్ ముట్టుకునేది జాకెట్‌ను. కరెంటును ఆపేది లోపలి ఇన్సులేషన్. రెండింటికీ మధ్య సంబంధాన్ని అదే కేబుల్ ముక్క మీద ల్యాబులో ముందే కట్టి ఉంచుకుంటే తప్ప, జాకెట్ అంకెతో లోపలిదాని గురించి తీర్పు చెప్పలేం. టెర్మినల్ పెట్టె తెరిచి, కోర్ బయటపడ్డ చోట నేరుగా కొలిచే వీలుంటే అదే మేలు.

పాలిథీన్‌కు, ఈపీఆర్‌కు మేం ముందు సూచించేది ఓఐటీ, అంటే ఆక్సీకరణ మొదలయ్యే సమయం. 10 మిల్లీగ్రాముల చీలిక చాలు. దాన్ని డీఎస్‌సీ యంత్రంలో (నమూనాలోంచి వెలువడే వేడిని కొలిచేది) 200 డిగ్రీల పరిసరాల్లో ఆక్సిజన్ ప్రవాహంలో ఉంచి, ఎన్ని నిమిషాలకు ఆక్సీకరణ మొదలవుతుందో చూస్తారు. అందులో మిగిలిన యాంటీఆక్సిడెంట్ ఎంతో అది చెబుతుంది. సాగుదల ఇంకా బాగానే కనిపిస్తున్న రోజుల్లోనే ఇది తగ్గడం మొదలుపెడుతుంది కాబట్టి ముందస్తు హెచ్చరికగా దీనికి సాటి లేదు. పీవీసీ, హైపలాన్ లాంటి క్లోరిన్ ఉన్నవాటిని అందులో పెట్టకండి. వెలువడే ఆమ్లం యంత్రం సెల్‌ను తినేస్తుంది, మొదలైన క్షణమూ స్పష్టంగా కనబడదు.

ఇక మెగ్గర్, అంటే ఇన్సులేషన్ నిరోధం కొలిచే యంత్రం. "మెగ్గర్ బాగుంది కాబట్టి కేబుల్ బాగుంది" అన్న మాట చాలా చోట్ల వింటాం, దీన్ని గట్టిగా ఖండించాల్సిందే. పొడి గాలిలో పెళుసెక్కిన ఇన్సులేషన్, చివరికి వెంట్రుక పగులు పడ్డదైనా సరే, వందల మెగోములు చూపిస్తుంది. తేమో ఆవిరో ఆ పగులులోకి దిగిన రోజున ఒక్కసారిగా పడిపోతుంది. ఇన్సులేషన్ నిరోధం నేటి స్థితి చెబుతుంది, మిగిలిన ఏళ్ల గురించి ఏమీ చెప్పదు. పొడవైన కేబుల్‌లో తేడా ఉన్న చోటు వెతకడానికి రిఫ్లెక్టోమెట్రీ (పంపిన సంకేతం ఎక్కడినుంచి వెనక్కి వచ్చిందో చూసే) పద్ధతులు సాయపడతాయి, ఆ చోటు దొరికాక మళ్లీ పైన చెప్పిన కొలతలే చేయాలి.

కొలతలు వచ్చాక సరళరేఖ గీసేయాలన్న ఆత్రం ఉంటుంది. సాగుదల కొత్తలో 400 శాతం, 12వ ఏట 310, 20వ ఏట 240 అనుకుందాం. చివరి రెండు బిందువుల వాలు ఏడాదికి 8.75. ఆ లెక్కన 50 శాతానికి ఇంకా దాదాపు 22 ఏళ్లు. కానీ యాంటీఆక్సిడెంట్ ఉన్నంతకాలం గీత నెమ్మదిగా వాలుతుంది, అది అయిపోయాక మోకాలు మడిచినట్టు కిందికి పడుతుంది. 20వ ఏట ఓఐటీ కొత్తదానిలో పదో వంతుకు దిగిపోయి ఉంటే ఆ 22 ఏళ్లను నమ్మడానికి లేదు. అందుకే పాలిథీన్ కేబుల్‌కు సాగుదల, ఓఐటీ రెండూ కలిపి తీసుకోమంటాం. పీవీసీకి ఇండెంటర్‌తో పాటు, అప్పుడప్పుడూ ఒక ముక్క కోసి సాగుదల చాలు.

సాక్షి నమూనాలు, ఉక్కు

కేబుల్ వేసిన రోజే అదే డ్రమ్ములోంచి ముక్కలు కోసి, అత్యంత వేడిగా, అత్యధిక డోసు ఉన్న చోట కట్టి పెట్టడం అన్నిటికన్నా నమ్మదగిన దారి. ఒక్కో రకానికి పది పన్నెండు ముక్కలు పెట్టి, ఒకటి మాత్రం చల్లగా, చీకట్లో, గాలి చొరకుండా దాచండి. ఆ దాచిన ముక్క లేకపోతే ఇరవై ఏళ్ల తర్వాత "కొత్తలో ఎంత ఉండేది?" అన్న ప్రశ్నకు జవాబుండదు. సాక్షి ముక్కలు అసలు కేబుల్ కన్నా కాస్త ముందుగా ముసలవ్వాలి కానీ, మరీ ముందుగా కాదు.

ఉక్కు రియాక్టర్ పాత్రలో ఇదే సూత్రానికి లీడ్ ఫ్యాక్టర్ అని పేరు. గోడకన్నా కేంద్రానికి దగ్గరగా పెట్టిన క్యాప్సూల్ మూడు రెట్లు వేగంగా న్యూట్రాన్లు తింటే, పదేళ్లకు గోడ ముప్పయ్యేళ్ల స్థితిని చూపిస్తుంది. ఒకటి నుంచి మూడు మధ్య ఉంటే మంచిది. వీవీఈఆర్-440 అనే సోవియట్ నమూనా రియాక్టర్లలో కొన్ని పాత్రల్లోలా పదికి మించితే, పాలిమర్లలో చూసిన చిక్కే ఇక్కడా వస్తుంది: రాగి, నికెల్ అణువులు గుంపులు కట్టడానికి సమయం కావాలి, వేగంగా కొట్టిన ఉక్కు నెమ్మదిగా తిన్న ఉక్కులా ప్రవర్తించదు.

ఇక్కడ పోటీ సూత్రానికీ కొలతకీ మధ్య. అమెరికా అణు నియంత్రణ కమిషన్ 1988లో ఇచ్చిన రెగ్యులేటరీ గైడ్ 1.99 రెండో సవరణ ప్రకారం పెళుసు ఉష్ణోగ్రత (దానికి దిగువన ఉక్కు పెళుసుగా విరుగుతుంది) ఎంత జరుగుతుందన్నది రసాయన గుణకాన్ని ఫ్లూయెన్స్ గుణకంతో హెచ్చవేస్తే వస్తుంది. చదరపు సెంటీమీటరుకు 10¹⁹ న్యూట్రాన్ల దగ్గర ఫ్లూయెన్స్ గుణకం 1. ఫ్లూయెన్స్ రెట్టింపైతే 1.19, నాలుగు రెట్లయితే 1.36. డోసు రెట్టింపైతే నష్టం రెట్టింపు అనుకునేవాళ్లు ఈ వరస గుర్తుపెట్టుకోవాలి. మొదటి ఏళ్లలోనే ఎక్కువ నష్టం జరిగిపోతుంది. వెల్డ్‌లో రాగి, నికెల్ శాతాలు తెలియకపోతే ఆ గైడ్ 0.35 శాతం రాగి, 1.0 శాతం నికెల్ అని కఠినంగా అనుకోమంటుంది. అలాంటి పాత్రకు ముందు చేయాల్సింది పాత వెల్డ్ రికార్డులు, మిగిలిన ముక్కలు వెతికి రసాయన విశ్లేషణ చేయించడం. ఖరీదైన ఏ పరీక్షకన్నా ముందు అదే ఎక్కువ మార్జిన్ తెచ్చిపెట్టగలదు.

కొలతల్లో చార్పీ పరీక్ష, అంటే గాటు పెట్టిన కడ్డీని సుత్తితో కొట్టి విరగ్గొట్టడం, పాతది. 10×10×55 మిల్లీమీటర్ల కడ్డీ, 2 మిల్లీమీటర్ల వి-గాటు. 41 జౌళ్లు మింగే ఉష్ణోగ్రత ఎంత పైకి జరిగిందో చూస్తారు. చరిత్ర అంతా ఇందులోనే ఉంది కాబట్టి దీన్ని వదలలేం. కానీ ఇది నేరుగా పగులు నిరోధాన్ని కొలవదు, మధ్యలో ఊహ ఉంది. మాస్టర్ కర్వ్ పద్ధతి, అంటే ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం ఇచ్చిన ఈ1921, ఆ ఊహను తీసేస్తుంది. కనీసం ఆరు సరైన పరీక్షలతో ఒక ఉష్ణోగ్రత తేలుతుంది. 25 మిల్లీమీటర్ల మందానికి సరిచేసిన పగులు నిరోధం మధ్యస్థ విలువ 100 మెగాపాస్కల్ రూట్ మీటర్ అయ్యే చోటు అది. విరిగిన చార్పీ సగం ముక్కలోంచి 4 మిల్లీమీటర్ల మందపు చిన్న నమూనాలు కూడా తీయొచ్చు. క్యాప్సూళ్లు అయిపోవస్తున్న పాత ప్లాంటు ఈ దారినే ఎంచుకోవాలి, విరిగిన ముక్కలను ఒక్కటి కూడా పారేయకూడదు.

పెళుసెక్కిన పాత్రను వేడి చేసి బాగుచేయడమూ ఉంది. ఫిన్లాండ్‌లో లోవీసా 1 పాత్రకు 1996లో ఆ పని చేశారు. చేసిన తర్వాత పాత గీత చెల్లదు, కొత్తగా పెళుసెక్కే వేగాన్ని కొత్త నమూనాలతోనే చూడాలి.

ఓ-రింగులు, కాంక్రీటు

ఓ-రింగుకు సాగుదల కొలిచి లాభం లేదు. అది పనిచేసేది నొక్కితే తిరిగి తోసే బలంతో. కాబట్టి శాశ్వతంగా ఎంత అణగిపోయిందో కొలవాలి, 80 శాతం దాటితే తీరినట్టే. రేడియేషన్ ఉన్న చోట విటాన్ రబ్బరు కన్నా ఈపీడీఎం రబ్బరు మేలు, కానీ నూనె తగిలే చోట ఈపీడీఎం ఉబ్బిపోతుంది. అలాంటి చోట ఆయుష్షు లెక్కలతో తంటాలు పడకుండా నియమిత కాలానికి మార్చేయడమే చవక.

కాంక్రీటుకు గామా 10⁸ గ్రేలు, న్యూట్రాన్లు చదరపు సెంటీమీటరుకు 10¹⁹ పరిసరాల దాకా చేరకపోతే ప్రత్యేక పరీక్షలు అక్కర్లేదు. చేరే పక్షంలో అందులో వాడిన కంకర ఏమిటో ముందు తెలుసుకోండి. క్వార్ట్‌జ్ ఎక్కువున్న కంకర న్యూట్రాన్లకు ఉబ్బి, చుట్టూ ఉన్న సిమెంటును చీలుస్తుంది.

ఫలితాన్ని రాసే తీరు

"ఇంకా 18 ఏళ్లు" అని ఒక్క అంకె రాయకండి. ఉత్తేజన శక్తి, డోసు రేటు, కొలతల చెదురు మూడింటికీ తక్కువ, ఎక్కువ విలువలు పెట్టి "12 నుంచి 25 ఏళ్ల మధ్య" అని రాయండి. తర్వాతి కొలతను ఆ తక్కువ అంకెలో సగం కాలం లోపే, అంటే ఆరేళ్లలోపే పెట్టండి. ఫైలులో కొలిచిన చోటును గది పేరుతో కాక, ట్రే నంబరు, ఏ వంపు, పైపు నుంచి ఎన్ని సెంటీమీటర్లు, కొలిచినప్పటి ఉపరితల ఉష్ణోగ్రత ఎంత అన్నంత వివరంగా రాయండి. ఆరేళ్ల తర్వాత వచ్చే మనిషి మొనను సరిగ్గా అదే చోట పెట్టగలగాలి.